రెండు నిమిషాల వెయ్యి ల్యూమెన్లు

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కిందటి వానాకాలంలో ఒక టార్చి కొన్నాడు. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి అల్యూమినియం గొట్టం. పెట్టెమీద 2,00,000 ల్యూమెన్లు అని ఎర్రక్షరాల్లో ఉంది. ల్యూమెన్ అంటే టార్చి ఇచ్చే వెలుతురుకు కొలత. లోపలి సెల్లుమీద 9900 ఎంఏహెచ్ అని ఉంది, అది సెల్లులో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత. "రెండు లచ్చలంట బాబూ, గంట కాకుండానే గుడ్డిదైపోతంది" అని తెచ్చి నా చేతిలో పెట్టాడు. టార్చిలు విప్పి చూసే అలవాటు నాకుందని అతనికి తెలుసు. సెల్లు బయటికి తీసి వంటింటి త్రాసుమీద పెట్టాను. 29 గ్రాములు తూగింది. ఆ సైజు మంచి సెల్లు సాధారణంగా 45 గ్రాములకు తగ్గదు.

ఆ డబ్బుకు మరికాస్త కలిపితే ఏళ్ళ తరబడి పనిచేసే నిఖార్సైన టార్చి వచ్చేది. రాత్రంతా గేటు దగ్గర తిరిగే మనిషికి అది అవసరం కూడా. అతనికి ఆ సాయంత్రం కాగితంమీద వేసి చూపించిన లెక్కనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, ఎనిమిదో తరగతి గుణకారాలు చాలు. సెల్లులో ఎంత శక్తి పడుతుంది, ఎల్ఈడీ దాన్లోంచి ఎంత వెలుతురు తీస్తుంది, మిగిలిన వేడి ఎటు పోతుంది అన్నవి తెలియాలి. వీటిలో వేడి సంగతే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. పెట్టెమీద దాన్ని మాత్రం ఎవరూ రాయరు.

గీజరు లెక్క

జేబు టార్చిల్లో ఎక్కువగా కనిపించే లిథియం సెల్లు పేరు 18650. పేరులోనే కొలతలున్నాయి. లావు 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు, చివరి సున్నా గుండ్రటి ఆకారానికి గుర్తు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొడితే లోపల వరసగా పేర్చి ఉండేవి ఇవే. ఈ సైజులో పేరున్న కంపెనీల సెల్లు సుమారు 3500 ఎంఏహెచ్ దగ్గర ఆగుతుంది. దానికన్నా కాస్త లావూ పొడవూ ఉన్న 21700 సెల్లులో మామూలుగా 5000 దాకా పడుతుంది. కాబట్టి 18650 మీద 9900 అని కనిపిస్తే ఇక త్రాసు కూడా అక్కర్లేదు, ఆ అంకె అబద్ధమే.

3500 ఎంఏహెచ్ అంటే 3.5 ఆంపియర్-గంటలు. సెల్లు సగటు వోల్టేజి 3.6. రెంటినీ గుణిస్తే 12.6 వాట్-గంటలు. మంచి 18650 సెల్లు మోసుకు తిరిగే మొత్తం శక్తి అంతే. ఇక ఎల్ఈడీ. టార్చిలో పెట్టినప్పుడు, కరెంటును అదుపుచేసే డ్రైవరు సర్క్యూటులోనూ అద్దంలోనూ పోయేది పోగా, ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్లు వస్తాయనుకోవచ్చు. మన ఇళ్ళలో వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు కూడా దాదాపు 900 ల్యూమెన్లే ఇస్తుంది కాబట్టి ఈ లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక. అంటే మన సెల్లులో మొత్తం 1260 ల్యూమెన్-గంటల వెలుతురు ఉంది. 1260 ల్యూమెన్లు ఒక గంట వాడుకోవచ్చు, 126 ల్యూమెన్లు పది గంటలు వాడుకోవచ్చు. తక్కువలో వెలిగించినప్పుడు ఎల్ఈడీ పొదుపుగా పనిచేస్తుంది కాబట్టి ఇంకొంచెం కలిసొస్తుంది.

ఇప్పుడు వాచ్‌మన్ టార్చిని ఈ లెక్కలో పెట్టండి. 2,00,000 ల్యూమెన్లు అంటే 9 వాట్ల బల్బులు 220 ఒక్కసారిగా వెలిగించినట్టు. దానికి 2000 వాట్లు కావాలి. బాత్రూములో గోడకు వేలాడే గీజరు తినేది అంత. 12.6 వాట్-గంటల సెల్లుతో ఆ గీజరు నడిపితే 23 సెకన్లు నడుస్తుంది. అది కూడా సెల్లు అంత కరెంటు వదలగలిగితే. ఎక్కువ కరెంటు ఇచ్చేందుకే తయారుచేసిన 18650 సెల్లును పిండినా నూరు వాట్ల దగ్గర ఆయాసపడుతుంది. వెలుతురు కొలిచే లక్స్ మీటరు పెట్టి నేను వేసిన అంచనాలో ఆ టార్చి మొదటి నిమిషంలో 250 ల్యూమెన్లు ఇచ్చింది. నిజానికి 250 తక్కువ వెలుతురు కాదు, గేటు దగ్గర తిరగడానికి ధారాళం. ఆ అంకెనే పెట్టెమీద వేసి, నిజమైన సెల్లు ఒకటి లోపల పెట్టి అమ్మితే ఎవరికీ ఫిర్యాదు ఉండేది కాదు.

లక్ష ల్యూమెన్లు నిజంగా ఇచ్చే టార్చి లేదా అంటే ఉంది. ఇమాలెంట్ కంపెనీ ఎంఎస్18 అనే టార్చి చేస్తుంది. 18 ఎల్ఈడీలు, ఎనిమిది 21700 సెల్లులు, చల్లబరచడానికి లోపల ఫ్యాన్లు. బరువు రెండు కిలోలకు దగ్గర. లక్ష ల్యూమెన్లకు ఎంత సరంజామా కావాలో దాన్ని చూస్తే తెలుస్తుంది. అయినా ఆ లక్ష కూడా కాసేపటి ముచ్చటే. తర్వాత వేడికి తగ్గిపోతుంది.

వేడి ఎటు పోవాలి

అబద్ధాలు చెప్పని కంపెనీల దగ్గరికి వద్దాం. వేలెడంత టార్చి, 18650 సెల్లు, పెట్టెమీద 1000 ల్యూమెన్లు. ఇది నిజమే. కొలిస్తే వస్తుంది. కానీ ఎంతసేపు?

పాత ఫిలమెంటు బల్బు తన వేడిలో ఎక్కువ భాగాన్ని కిరణాల రూపంలో ముందుకే వదిలేసేది. వెలుతురుతోపాటు వేడి కూడా అద్దంలోంచి బయటికి వెళ్ళిపోయేది, గొట్టం చల్లగా ఉండేది. ఎల్ఈడీది వేరే స్వభావం. దాని వెలుతురు చల్లగా ఉంటుంది కాని, వేడి చిప్పు వెనకవైపు పుడుతుంది. అక్కణ్ణించి చిప్పును అతికించిన రాగి పలకలోకి, పలకలోంచి టార్చి ఒంట్లోకి, ఒంట్లోంచి మన చేతిలోకి, గాలిలోకి పోవాలి. దారిలో ఎక్కడ ఆగినా చిప్పు ఉడికిపోతుంది.

1000 ల్యూమెన్లకు 10 వాట్లు ఖర్చు. అందులో వెలుతురుగా మారేది మూడు నాలుగు వాట్లు. మిగిలిన ఆరేడు వాట్లూ వేడి. టార్చి బరువు 100 గ్రాములనుకుందాం. గ్రాము అల్యూమినియంను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 0.9 జౌళ్ళు కావాలి. 100 గ్రాములకు 90 జౌళ్ళు. 7 వాట్లంటే సెకనుకు 7 జౌళ్ళు. అంటే సుమారు 13 సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున టార్చి వేడెక్కుతూ పోతుంది. 30 డిగ్రీల గదిలో మొదలుపెడితే అయిదు నిమిషాల్లో 53 డిగ్రీలు. చేత్తో పట్టుకోవడం కష్టమయ్యే చోటు అది. ఇది వేడి ఒంటినిండా సమంగా పాకితే. నిజానికి చిప్పు ఉన్న తలభాగం ముందు కాగుతుంది, అందుకే చిన్న టార్చిలు రెండు మూడు నిమిషాలకే తగ్గడం మొదలుపెడతాయి. సెల్లుతో కలిపి యాభై గ్రాములు దాటని బుల్లి టార్చిలకైతే ఇంకా తక్కువ. మే నెలలో మా విశాఖ మేడమీద ఉక్కపోతలో వెలిగిస్తే చెప్పనక్కర్లేదు.

అందుకే మంచి టార్చిల్లో వేడిని కనిపెట్టే ఏర్పాటు ఉంటుంది. లోపల 50 డిగ్రీలు దాటబోతుందనగానే డ్రైవరు కరెంటు తగ్గిస్తుంది. కొన్ని కంపెనీలు వేడి కొలవకుండా, ఫలానా నిమిషానికి తగ్గించెయ్ అని ముందే లెక్క రాసి పెడతాయి. నాకు మొదటి పద్ధతే నచ్చుతుంది. చలికాలం గాలిలో నడుస్తుంటే అది ఎక్కువసేపు నిలబడుతుంది. చేత్తో గట్టిగా పట్టుకున్నా నిలబడుతుంది, ఎందుకంటే మన నెత్తురు వేడిని మోసుకుపోతుంది. బల్లమీద నిలబెట్టిన టార్చికన్నా చేతిలో ఉన్న టార్చి ప్రకాశంగా ఉండడం నేను చాలాసార్లు కొలిచి చూశాను.

కదలని గాలిలో అంత చిన్న ఒళ్ళు నిలకడగా వదుల్చుకోగల వేడి మూడు నాలుగు వాట్లకు మించదు. అంటే వేలెడంత టార్చి గంటసేపు నికరంగా ఇవ్వగలిగింది 300 నుంచి 500 ల్యూమెన్లు. దానిమీద 1000 రాసినా 3000 రాసినా అయిదు నిమిషాల తర్వాత చేరే చోటు ఒక్కటే. ఎమిసార్ డీ4వీ2 అని అభిమానులకు బాగా ఇష్టమైన టార్చి ఒకటుంది. నాలుగు ఎల్ఈడీలు, ఒక్క 18650. ఎల్ఈడీ రకాన్ని బట్టి మూడు వేల ల్యూమెన్లు దాటిపోతుంది. టర్బోలో, అంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుతురిచ్చే మెట్టులో, పెడితే అరనిమిషంలోనే చెయ్యి మార్చుకోవాలి. జేబులో పొరపాటున వెలిగితే గుడ్డ కాలిపోయేంత వేడి. అలాంటివి జేబులో వేసుకునేముందు వెనక మూతను పావు చుట్టు వదులు చెయ్యాలి. మరలకు రంగుపొర ఉంటుంది కాబట్టి వదులు కాగానే కరెంటు తెగిపోతుంది. ఇది నేను ఎవరికి టార్చి ఇచ్చినా ముందు నేర్పే పాఠం.

టార్చికి అమెరికాలో ఫ్లాష్‌లైట్ అన్న పేరు ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. 1899 జనవరిలో డేవిడ్ మైసెల్ అనే ఆయనకు అమెరికాలో గొట్టం ఆకారపు టార్చికి పేటెంటు వచ్చింది. కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ దాన్ని తయారుచేసింది. ఆ కంపెనీయే తర్వాత ఎవరెడీ అయింది. అప్పటి జింకు-కార్బన్ సెల్లులు ఎక్కువసేపు కరెంటు ఇవ్వలేకపోయేవి. కాసేపు వెలిగించి, ఆపి, సెల్లును తేరుకోనివ్వాలి. అలా మినుక్కుమని వెలిగేది కాబట్టి ఫ్లాష్‌లైట్. నూటపాతికేళ్ళ తర్వాత సెల్లులో బోలెడు బలం ఉంది, వెలుతురులో పొదుపుంది, అయినా టర్బో మీట నొక్కితే మళ్ళీ కాసేపే. అప్పుడు సెల్లు చాలక, ఇప్పుడు వేడి పోయే దారి చాలక.

పెట్టెమీద రాత ఎలా చదవాలి

టార్చిల కొలతలకు అమెరికాలో 2009లో ఒక ప్రమాణం వచ్చింది. దాని పేరు ఎఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1. దాని ప్రకారం ల్యూమెన్లను టార్చి వెలిగించిన 30 సెకన్లు దాటాక, రెండు నిమిషాల లోపు కొలవాలి. అంటే మూడో నిమిషంలో సగానికి పడిపోయే టార్చి కూడా పెట్టెమీద మొత్తం అంకె వేసుకోవచ్చు. తప్పేమీ లేదు. అలాగే ఎంతసేపు వెలుగుతుందన్నది, మొదటి వెలుతురులో పదోవంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. 1000 ల్యూమెన్లు, 4 గంటలు అని ఉంటే నాలుగు గంటలపాటు వెయ్యి ల్యూమెన్లని చదువుకుంటాం. అసలు అర్థం: రెండు నిమిషాలు వెయ్యి, ఆ తర్వాత నాలుగు వందలో మూడు వందలో, చివరికి నూరుకు చేరే వేళకు నాలుగు గంటలు. ఇది మన 1260 లెక్కకు కూడా సరిపోతుంది. వెయ్యిని నాలుగు గంటలు ఇవ్వాలంటే 4000 ల్యూమెన్-గంటలు కావాలి, సెల్లులో అన్ని లేవు.

నేను కొనేముందు వెతికేది సమయంతో వెలుతురు ఎలా మారుతుందో చూపించే గీత. మంచి కంపెనీలు ఆ గ్రాఫు ఇస్తాయి. ఇవ్వకపోతే ఎవరో ఒక అభిమాని టార్చిని ఫ్యాను కింద పెట్టి, లక్స్ మీటరుతో నిమిషనిమిషానికీ కొలిచి గీసి పెడతాడు. ఆ గీత మొదట్లో ఎంత ఎత్తుకు లేచిందో చూడను. పడ్డాక ఎక్కడ బల్లపరుపుగా నిలబడింది, ఎన్ని గంటలు నిలబడింది అన్నదే చూస్తాను. సెల్లు నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు, అయిపోవచ్చేసరికి 3 వోల్టులు. చవక డ్రైవరు సెల్లుతోపాటు వెలుతురునూ జార్చుకుంటూ పోతుంది. కాస్త మంచి డ్రైవరు కరెంటును సవరించుకుంటూ చివరిదాకా ఒకే తీరుగా వెలిగిస్తుంది. చీకట్లో ఉన్న మనిషికి ఆ నిలకడ చాలా ధైర్యం.

ఇంకొక ఊరట మన కన్నే ఇస్తుంది. వెలుతురు రెట్టింపైతే కంటికి రెట్టింపు కనిపించదు. కంటికి రెట్టింపు అనిపించాలంటే ఇంచుమించు నాలుగింతలు కావాలి. వెయ్యి నుంచి అయిదు వందలకు మెల్లగా దిగితే చాలామంది గమనించనే గమనించరు. ఆ సగం తగ్గింపుతో సెల్లు మాత్రం రెట్టింపు కన్నా ఎక్కువసేపు వస్తుంది. కాబట్టి టార్చి తగ్గిపోయిందని బాధపడే వాళ్ళకు నేను చెప్పేది, మీటరు చూడకండి, దారి చూడండి అని.

నాన్న టార్చి అంత దూరం ఎలా కొట్టేది

విజయనగరం జిల్లాలో మా ఊరివాళ్ళు టార్చిని ఇప్పటికీ బ్యాటరీ లైటనే అంటారు. నాన్న దగ్గర మూడు సెల్లుల ఇత్తడి లైటుండేది. రాత్రిపూట కళ్ళం కాపలాకు వెళ్ళినప్పుడు చెరువుగట్టు అవతలి చింతచెట్టు మీద గుడ్లగూబ కళ్ళు మెరిసేవి దానికి. నా చిన్నప్పుడు అంతకన్నా గొప్ప యంత్రం లేదు. ఇవాళ కొలిస్తే అది ముప్పై ల్యూమెన్లు కూడా ఇచ్చి ఉండదు. మరి నా జేబులోని వెయ్యి ల్యూమెన్లది ఆ చింతచెట్టు దాకా ఎందుకు వెళ్ళదు?

ల్యూమెన్ అంటే అన్నివైపులకూ పోయే వెలుతురు మొత్తం. అది ఒక దిక్కున ఎంత చిక్కగా పోతుందన్నది క్యాండెలా. చిన్న వెలుగుచుక్క వెనక పెద్ద గిన్నె లాంటి అద్దం ఉంటే కిరణాలన్నీ ఒకే వైపు కట్టగట్టుకుని వెళ్తాయి. నాన్న లైటులో తల వెంట్రుకంత ఫిలమెంటు, దాని చుట్టూ అరచెయ్యంత అద్దం. జేబు టార్చిలో పెద్ద ఎల్ఈడీ, దాని ముందు రూపాయి బిళ్ళంత అద్దమో ప్లాస్టిక్ లెన్సో. వెలుతురు విరబోసుకుని పరుచుకుంటుంది. అభిమానులు మొదటిదాన్ని త్రో అనీ రెండోదాన్ని ఫ్లడ్ అనీ అంటారు.

దూరానికి ఒక చిన్న సూత్రం ఉంది. క్యాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు. 10,000 క్యాండెలాలకు వర్గమూలం 100, దూరం 200 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలాలు నాలుగింతలు కావాలి. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. ఆ 200 మీటర్ల దగ్గర పడే వెలుతురు 0.25 లక్స్. నిండు పున్నమి వెన్నెలంత. చెట్టుందని తెలుస్తుంది, చెట్టుమీద ఏముందో తెలియదు. అందుకే పెట్టెమీది దూరంలో సగమే నాది అనుకుంటాను. సగం దూరంలో వెలుతురు నాలుగింతలుంటుంది.

అడవి పందుల నుంచి వేరుశనగ చేను కాపాడుకునే రైతుకు త్రో కావాలి. మిగిలిన మనందరికీ, గట్టుమీద నడవడానికీ మెట్లు దిగడానికీ స్కూటరు డిక్కీలో వెతకడానికీ, కాళ్ళ దగ్గర మెత్తగా పరుచుకునే వెలుతురే మేలు. లంబసింగి పొగమంచులో ఒక తెల్లవారుజామున నడిచినప్పుడు నాకు ఇంకొకటి తెలిసింది. టార్చి కంటి పక్కన పెట్టుకుంటే ముందంతా తెల్లటి గోడే. నడుము కిందికి దించగానే దారి కనిపించింది. మంచు బిందువుల మీద పడి వెనక్కి వచ్చే వెలుతురు కంట్లోకి నేరుగా రాకుండా పోయింది. పసుపు వెలుతురైతే మంచును చీల్చుకు వెళ్తుందని చాలామంది అంటారు. ఆ బిందువులు కాంతి తరంగాలకన్నా ఎంతో పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. టార్చి ఎక్కడ పట్టుకున్నామన్నదే తేడా తెచ్చింది. కిందికి పట్టుకుంటే ఇంకో లాభం, గుంటలకూ రాళ్ళకూ నీడలు సాగి ముందే తెలుస్తాయి.

హుద్‌హుద్ రాత్రులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది. కరెంటు స్తంభాలు నేలకూలాయి. మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. మొదటి రాత్రికే ఫోన్లు చచ్చిపోయాయి. కొవ్వొత్తులకు ఎగబడ్డారు జనం. కిటికీ అద్దాలు పగిలిన ఇళ్ళలో గాలికి అవి నిలవవు.

మా ఇంట్లో అప్పుడొక చిన్న టార్చి ఉండేది. గోడ గడియారంలో వేసే పెన్సిలు సెల్లు ఒక్కటే దానికి ఆహారం. ఎక్కువలో పెట్టినా నూరు ల్యూమెన్లు, మధ్యలో ముప్పై. దాన్ని స్టీలు గ్లాసులో నిటారుగా నిలబెట్టి పైకప్పుకు కొట్టాను. తెల్ల సున్నం వేసిన కప్పు ఆ వెలుతురును గదంతా పంచింది. ముప్పై ల్యూమెన్లతో తొమ్మిదిమందిమి, పక్కింటివాళ్ళతో కలిపి, అన్నాలు తిన్నాం. పిల్లలు కప్పుమీద చేతులతో కుందేళ్ళూ పాములూ ఆడించారు. పడుకునేటప్పుడు దాన్ని ఇంకా తగ్గించాను. దానికి ఒక ల్యూమెనుకన్నా తక్కువ ఇచ్చే మెట్టు ఉంది, మూన్‌లైట్ అంటారు దాన్ని. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. అలవాటు పడ్డాక ఆ అర ల్యూమెను చాలు, నిద్రపోయేవాళ్ళ కాళ్ళు తొక్కకుండా నీళ్ళబిందె దాకా వెళ్ళిరావచ్చు. అదే అర్ధరాత్రి ఎవరైనా పెద్ద టార్చి వేస్తే మళ్ళీ అరగంట గుడ్డితనం.

మూడో రోజు సెల్లు అయిపోతే వీధి చివర సగం కూలిన కిరాణా కొట్లో పెన్సిలు సెల్లులు దొరికాయి. ఆ రోజు నుంచి నా అభిప్రాయం మారలేదు. రోజువారీ జేబుకు లిథియం 18650 బాగుంటుంది. విపత్తుకు మాత్రం ఏ కొట్లో అయినా దొరికే సెల్లుతో నడిచే టార్చి ఇంట్లో ఒకటి తప్పకుండా ఉండాలి. అయితే ఆల్కలైన్ పెన్సిలు సెల్లులను లోపల వేసి మర్చిపోకూడదు. ఏడాదో రెండేళ్ళో గడిచాక కారిపోతాయి. బయటికొచ్చే క్షారం స్ప్రింగును తినేసి తెల్లటి పొక్కులు కడుతుంది. నేను సెల్లులను బయట, టార్చి పక్కనే రబ్బరుబ్యాండు వేసి ఉంచుతాను. లేదంటే చార్జి చేసుకునే నికెల్ రకం వాడతాను.

ఎరుపు కనిపించాలి

దేశంలో పాముకాటుకు చనిపోయేవాళ్ళు ఏటా సగటున 58,000 మంది అని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. ఆ మరణాలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. ఎక్కువమంది పల్లెల్లో ఉండేవాళ్ళే. మా ఊళ్ళో రాత్రి కరెంటు వచ్చే రోజుల్లో మోటారు వెయ్యడానికి గట్లమీద నడిచి వెళ్ళేవాళ్ళు. ఎండుటాకుల్లో చుట్టుకున్న రక్తపింజరి గోధుమరంగు మచ్చలతో ఆకుల్లో ఆకులా ఉంటుంది. అందుకే టార్చి రంగు గురించి మాట్లాడడం షోకు వ్యవహారం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

తెల్ల ఎల్ఈడీ నిజానికి నీలం ఎల్ఈడీ. దానిమీద పసుపు ఫాస్ఫరు పూత ఉంటుంది. నీలం కొంత పసుపుగా మారి, రెండూ కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఆ నీలం ఎల్ఈడీ సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. చవక టార్చిల్లో ఫాస్ఫరు తక్కువ, నీలం ఎక్కువ. వెలుతురులో ఎరుపు చాలా తక్కువ ఉంటుంది. ఎరుపు లేని వెలుతురులో గోధుమరంగు, మట్టిరంగు, ఎండుటాకు రంగు అన్నీ ఒకే బూడిదలా కలిసిపోతాయి. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత సీఆర్ఐ. ఎండకు 100. మామూలు టార్చి ఎల్ఈడీలకు 70 దగ్గర. నిచియా 519ఏ లాంటి ఎల్ఈడీలకు 90 పైన. తేడా చూడాలంటే అరచెయ్యి ముందు పెట్టి రెండు టార్చిలూ వెయ్యండి. ఒకదాంట్లో చెయ్యి పాలిపోయి ఉంటుంది, ఇంకోదాంట్లో నెత్తురు పారుతున్న చెయ్యి కనిపిస్తుంది. కరెంటు పనివాళ్ళకు ఎర్రతీగ ఏదో గోధుమ తీగ ఏదో తెలిసేది ఈ రెండో దాంట్లోనే.

దీనికి ధర ఉంది. సీఆర్ఐ పెరిగితే ల్యూమెన్లు కొంత తగ్గుతాయి, అందుకే పెట్టెమీద పెద్ద అంకె కావాలనుకునే కంపెనీలు 70 దగ్గరే ఆగుతాయి. నాలుగు వందల ల్యూమెన్ల నిజమైన రంగు, ఆరు వందల పాలిపోయిన వెలుతురు, రెండిట్లో ఏదంటే నేను ఆలోచించకుండా మొదటిదే తీసుకుంటాను. రంగు వెచ్చదనం కెల్విన్లలో చెబుతారు. 6500 దగ్గర నీలంగా, 4000-5000 మధ్య పగటి వెలుతురులా, 2700 దగ్గర పాత బల్బులా ఉంటుంది. నాకు 4000 ఇష్టం. ఇందులో వాదన లేదు, ఎవరి కంటికి నచ్చింది వాళ్ళది.

సెల్లు విషయంలో నాలుగు మాటలు. 18650 సెల్లు పైన ఉండే పలచటి ప్లాస్టిక్ తొడుగు కింద లోహమంతా, పై అంచుదాకా, నెగెటివ్ కొసే. తొడుగు చిరిగితే పాజిటివ్ మొనకూ దానికీ మధ్య ఉండేది వెంట్రుకవాసి దూరం. అలాంటి విడి సెల్లును తాళాలతోపాటు జేబులో వేస్తే తాళమే తీగ అవుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బా వాడండి. తొడుగు చిరిగిన సెల్లుకు కొత్త తొడుగు వేయించేదాకా వాడకండి. విమానంలో విడి సెల్లులు చేతి సంచిలోనే ఉండాలి, కింద వేసే పెట్టెలో కుదరదు. ఇంత చిక్కటి వెలుతురును సరదాకైనా పిల్లల కళ్ళలో, పశువుల కళ్ళలో వెయ్యకండి.

వాచ్‌మన్‌కు నా దగ్గరున్న పాత కాన్వాయ్ ఎస్2+ ఇచ్చాను. ఒక్క ఎల్ఈడీ, ఒక్క 18650, వెనక మూతకు ఒక్క మీట. సెల్లు చార్జి చెయ్యడం, వెనక మూత వదులు చెయ్యడం నేర్పించాను. అతని పాత టార్చిలోని సెల్లును పారేసే చోట పారేశాం.

అమ్మ ఊళ్ళోనే ఉంటోంది. ఆమె టార్చిలో ఆండురిల్ అనే సాఫ్ట్‌వేరు ఉంది. దాంట్లో వెలుతురుకు పైహద్దు మనమే పెట్టొచ్చు. 120 ల్యూమెన్ల దగ్గర హద్దు పెట్టి, మిగతా మెట్లన్నీ ఆపేశాను. నొక్కితే వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే ఆరుతుంది. పశువులశాలకూ పెరట్లోకీ కలిపి రాత్రికి పావుగంట వాడుతుంది. నెలకు ఏడున్నర గంటలు, 900 ల్యూమెన్-గంటలు. సెల్లులో ఉన్నవి 1260. కొన్నప్పుడే ఈ లెక్క వేసి, నెలకోసారి నేను వచ్చి చార్జి పెడితే చాలని చెప్పాను. "మధ్యలో ఆరిపోదు కదరా?" అని ఒక్కటే అడిగింది. పోయిన నెల వెళ్ళినప్పుడు సెల్లు తీసి మీటరు పెట్టి చూశాను. 3.6 వోల్టులుంది.